టెక్స్ట్ ఫైల్ డేటాబేస్‌లోకి సరిగ్గా ఎక్కట్లేదా? చెనక్కాయ రైతుల జాబితాతో నేర్చుకుందాం

ఈ ఎపిసోడ్ ఫోన్ గురించి కాదు. ఫోన్‌లో మీరు సేకరించిన డేటా ఆఫీసులోని కంప్యూటర్‌లోకి వెళ్లేటప్పుడు ఏం జరుగుతుందో, మధ్యలో ఎక్కడ పాడవుతుందో చెప్పుకుందాం.

మన అనంతపురంలో డిగ్రీ అయిపోయిన పిల్లలు చాలామంది ఇప్పుడు ఇదే పని చేస్తున్నారు. రైతు ఉత్పత్తిదారుల సంఘంలోనో, స్వచ్ఛంద సంస్థలోనో, ప్రాజెక్టు సర్వేలోనో చేరతారు. ఊరూరా తిరిగి ఫోన్‌లో ఫారం నింపుతారు. సాయంత్రానికి అదంతా ఒక సీఎస్‌వీ ఫైల్ అవుతుంది, వాట్సాప్‌లో ఆఫీసుకి పోతుంది. అక్కడ డెస్క్‌టాప్‌లో మైక్రోసాఫ్ట్ యాక్సెస్ ఉంటుంది, లేదంటే లిబ్రేఆఫీస్ బేస్ ఉంటుంది. "ఇంపోర్ట్ కొట్టేయ్" అంటారు. కొడతారు. సగం ఎక్కుతుంది, సగం ఎక్కదు. లేదా అంతా ఎక్కినట్టే కనిపిస్తుంది, కానీ లోపల డేటా మారిపోయి ఉంటుంది. ఈ రెండోదే డేంజర్.

ఎందుకు డేంజర్? మన జిల్లాలో ఏడాదికి పడే వర్షం సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాల్లో మనది ఒకటి. చెనక్కాయ వేసి ఆకాశం వైపు చూసే ఊర్లు మనవి. ఇన్‌పుట్ సబ్సిడీ అయినా, పంటల బీమా అయినా, విత్తనాల పంపిణీ అయినా ఒక జాబితా మీద ఆధారపడే వస్తాయి. ఆ జాబితాలో ఒక బ్యాంకు అకౌంట్ నంబర్ ముందున్న సున్నా ఎగిరిపోతే డబ్బు వెనక్కి పోతుంది. రైతు ఆఫీసుల చుట్టూ తిరగాలి. "సిస్టంలో లేదు" అనే సమాధానం వింటాడు. సిస్టంలో ఎందుకు లేదో ఈరోజు చూద్దాం.

ముందు అసలు ఇంపోర్ట్ అంటే ఏంటి?

టెక్స్ట్ ఫైల్‌లో ఏముంటుంది? అక్షరాలు, అంకెలు, కామాలు, లైన్ చివర ఎంటర్. అంతే. "ఇది తేదీ", "ఇది నంబర్", "ఇది పేరు" అని ఫైల్‌లో ఎక్కడా రాసి ఉండదు. డేటాబేస్ అట్లా కాదు. దాంట్లో ప్రతి కాలమ్‌కీ ఒక రకం ఉంటుంది. తేదీ కాలమ్‌లో తేదీ మాత్రమే, నంబర్ కాలమ్‌లో నంబర్ మాత్రమే ఉండాలి.

మరి ఈ రకం ఎవరు చెప్పాలి? మీరు చెప్పకపోతే సాఫ్ట్‌వేరే ఊహిస్తుంది. పై నుంచి కొన్ని వరుసలు చూసి, "ఇవన్నీ అంకెలే కదా, అయితే ఇది నంబర్ కాలమ్" అనుకుంటుంది. కిందెక్కడో 400వ వరుసలో సర్వే నంబర్ "123-2ఎ" అని వచ్చిందనుకోండి, అది నంబర్ కాదు కాబట్టి ఆ గడి ఖాళీ అయిపోతుంది. ఇంపోర్ట్‌లో వచ్చే కష్టాల్లో ఎక్కువ భాగం ఈ ఊహ వల్లే. కాబట్టి మన పని ఒక్కటే, సాఫ్ట్‌వేర్‌ని ఊహించనీయకూడదు.

మొదటి సూత్రం: డబుల్ క్లిక్ చేయొద్దు

సీఎస్‌వీ ఫైల్ డౌన్‌లోడ్ అయిన వెంటనే మనం చేసే పని, దాని మీద డబుల్ క్లిక్. ఎక్సెల్‌లో తెరుచుకుంటుంది. "బాగానే ఉంది" అని సేవ్ కొడతాం. డేటా పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. ఎందుకంటే తెరిచేటప్పుడే ఎక్సెల్ కొన్ని మార్పులు చేసేస్తుంది, సేవ్ చేస్తే ఆ మార్పులే ఫైల్‌లో మిగులుతాయి.

ఏమేం మారతాయో చూడండి.

ఒకటి, ముందున్న సున్నాలు. సభ్యత్వ నంబర్ 0042 అయితే 42 అవుతుంది. సున్నాతో మొదలయ్యే బ్యాంకు అకౌంట్ నంబర్లకీ ఇదే గతి.

రెండు, పొడుగాటి నంబర్లు. మామూలు గడిలో 12 అంకెలు, అంతకన్నా ఎక్కువ ఉన్న నంబర్‌ని ఎక్సెల్ కుదించి, మధ్యలో చుక్క, చివర "ఇ ప్లస్ 11" అన్నట్టు చూపిస్తుంది. అట్లాగే సీఎస్‌వీగా సేవ్ చేస్తే కనిపించిందే ఫైల్‌లోకి వెళ్తుంది, అసలు అంకెలు పోతాయి. ఇంకో సంగతి, ఎక్సెల్ ఏ నంబర్‌నైనా 15 అంకెల వరకే సరిగ్గా గుర్తుపెట్టుకుంటుంది. 16 అంకెల అకౌంట్ నంబర్ ఉంటే చివరి అంకె సున్నా అయిపోతుంది. చూడ్డానికి నంబర్ నిండుగానే ఉంటుంది, కానీ అది వేరే నంబర్.

మూడు, మన ఆంధ్రా స్పెషల్. డోర్ నంబర్లు, సర్వే నంబర్లు. డోర్ నంబర్ 3-45 అంటే మనకి ఇల్లు. ఎక్సెల్‌కి అది ఒక తేదీ! సర్వే నంబర్ 12-3 అన్నా, 5/2 అన్నా అది తేదీగా మార్చేస్తుంది. తర్వాత మీరు ఫార్మాట్‌ని టెక్స్ట్‌గా మార్చినా పాత సర్వే నంబర్ తిరిగి రాదు, ఏదో ఐదంకెల సంఖ్య వస్తుంది. ఎందుకంటే ఎక్సెల్ తేదీని లోపల రోజుల లెక్కగా దాచుకుంటుంది.

ఇది మన సమస్య ఒక్కటే అనుకోకండి. మనిషి జన్యువులకి పెట్టిన పొట్టి పేర్లు కొన్ని మార్చి, సెప్టెంబర్ నెలల పేర్లలాగా ఉండేవి. ఎక్సెల్ వాటిని తేదీలుగా మార్చేసేది. ఆ బాధ భరించలేక జన్యువులకి పేర్లు పెట్టే అంతర్జాతీయ కమిటీ 2020లో ఆ పేర్లనే మార్చేసింది. 2023లో మైక్రోసాఫ్ట్ ఎక్సెల్‌లో ఈ ఆటోమేటిక్ మార్పుల్ని ఆపుకునే సెట్టింగ్ ఇచ్చింది. మన సర్వే నంబర్లని మార్చలేం కాబట్టి మనం ఫైల్ తెరిచే పద్ధతి మార్చుకోవాలి.

మరి ఎట్లా తెరవాలి? నోట్‌ప్యాడ్‌లో. ఫైల్ మీద రైట్ క్లిక్, ఓపెన్ విత్, నోట్‌ప్యాడ్. అంతకన్నా ముందు ఒక కాపీ వేరే ఫోల్డర్‌లో పెట్టండి, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. ఫైల్ పేరు కూడా చూడండి. అదే ఫైల్‌ని మూడుసార్లు డౌన్‌లోడ్ చేస్తే పేరు పక్కన బ్రాకెట్లో 1, 2 అని చేరతాయి. పొద్దున్నే వచ్చిన పాత ఫైల్‌ని ఇంపోర్ట్ చేసి, సాయంత్రం "రైతులు తక్కువ వచ్చారే" అని వెతికేవాళ్లు చాలామంది ఉంటారు. ఇంకో చిన్న సంగతి, ఫైల్ ఎక్సెల్‌లో తెరిచి ఉంటే యాక్సెస్ "ఫైల్ వాడుకలో ఉంది" అని మొండికేయొచ్చు. అట్లాంటప్పుడు ముందు ఎక్సెల్ మూసేయండి.

నోట్‌ప్యాడ్‌లో చూడాల్సినవి ఇవి. మొదటి లైన్‌లో కాలమ్ పేర్లు ఉన్నాయా? కాలమ్‌ల మధ్య కామా ఉందా, సెమీకోలన్ ఉందా, ట్యాబ్ ఉందా? అడ్రస్‌ల చుట్టూ డబుల్ కోట్స్ ఉన్నాయా? ఫైల్ చివర "మొత్తం" అని కూడిక లైన్ ఏమన్నా ఉందా? కింద కుడివైపు మూలలో ఎన్‌కోడింగ్ ఏమని చూపిస్తోంది? ఇవన్నీ చూడ్డానికి రెండు నిమిషాలు పట్టదు, రెండు రోజుల పని మిగులుతుంది.

తెలుగు పిచ్చి గీతలుగా వస్తే

ఇది అందరికీ వచ్చే సమస్య. రైతు పేరు తెలుగులో టైప్ చేసి పంపితే, డేటాబేస్‌లో ఏవో వింత గుర్తులు వస్తాయి. ఫ్రెండ్స్, ఆ వింత గుర్తుల్ని జాగ్రత్తగా చూడండి. రోగం ఏంటో అవే చెప్తాయి.

మొదటి రకం: తలమీద చిన్న గీత ఉన్న ఇంగ్లిష్ "ఎ" అక్షరం, దాని పక్కనే డిగ్రీ గుర్తో, ప్లస్-మైనస్ గుర్తో. ఇదే జంట మళ్లీ మళ్లీ వస్తుంటుంది. ఇట్లా వస్తే భయపడొద్దు, డేటా పోలేదు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షరానికీ, గుణింతం గుర్తుకీ మూడేసి బైట్లు పడతాయి. ఆ మూడింటినీ కలిపి చదవాల్సింది పోయి, సాఫ్ట్‌వేర్ విడివిడిగా మూడు ఇంగ్లిష్ గుర్తులుగా చదివింది. యాక్సెస్‌లో ఇంపోర్ట్ విజార్డ్ తెరిచినప్పుడు కింద "అడ్వాన్స్‌డ్" అనే బటన్ ఉంటుంది. దాంట్లో "కోడ్ పేజ్" దగ్గర యూనికోడ్ యూటీఎఫ్-8 ఎంచుకోండి, దాని నంబర్ 65001. తెలుగు చక్కగా వచ్చేస్తుంది.

రెండో రకం: వరసగా ప్రశ్నార్థకాలు. ఇది వస్తే డేటా నిజంగానే పోయినట్టు. ఎవరో ఆ ఫైల్‌ని మధ్యలో పాత "ఆన్సీ" పద్ధతిలోనో, ఎక్సెల్‌లో మామూలు సీఎస్‌వీగానో సేవ్ చేశారు. అక్కడ తెలుగు అక్షరాలకి చోటు లేదు కాబట్టి ఒక్కో దాని బదులు ప్రశ్నార్థకం పెట్టేసింది. ఏ సెట్టింగ్ మార్చినా వెనక్కి రాదు. అసలు ఫైల్ దగ్గరికే వెళ్లాలి. ఇందుకే కాపీ పెట్టుకోమన్నది. ఎక్సెల్ నుంచే సేవ్ చేయాల్సి వస్తే "సీఎస్‌వీ యూటీఎఫ్-8" అని వేరే ఆప్షన్ ఉంటుంది, అదే వాడండి.

మూడో రకం: చదువుతుంటే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా ఉంటాయి, ఏ కోడ్ పేజీ పెట్టినా మారదు. పాత జాబితా డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లతో టైప్ చేయించారా అని అడగండి. అట్లాంటి ఫాంట్లలో తెలుగు బొమ్మ వెనక ఉండేది ఇంగ్లిష్ కోడే. ఫాంట్ తీసేస్తే తెలుగు కూడా పోతుంది. దీన్ని ముందు కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చాలి, తర్వాతే ఇంపోర్ట్. మార్చాక పేర్లు ఒకసారి కళ్లతో చదవాలి, ఒత్తులు తేడా పడే అవకాశం ఉంది.

నాలుగోది: ఖాళీ డబ్బాలు వస్తే చాలావరకు డేటా బాగానే ఉన్నట్టు, ఆ కంప్యూటర్లో తెలుగు ఫాంట్ లేదంతే. ఐదోది: మొదటి కాలమ్ పేరు ముందు మాత్రమే మూడు వింత గుర్తులు వస్తే, అది ఫైల్ మొదట్లో ఉండే ఎన్‌కోడింగ్ ముద్ర. యూటీఎఫ్-8 ఎంచుకుంటే చాలాసార్లు పోతుంది. పోకపోతే ఆ కాలమ్ పేరుని చేత్తో సరిచేయండి.

కామా తెచ్చే తంటా

"3-45, బీసీ కాలనీ, కళ్యాణదుర్గం". ఇది ఒక అడ్రస్. మధ్యలో రెండు కామాలు. ఫైల్‌లో కాలమ్‌లని వేరు చేసేది కూడా కామానే. ఇంక సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుంది? ఒక్క అడ్రస్‌ని మూడు కాలమ్‌లు చేస్తుంది. ఆ వరుసలో తర్వాతవన్నీ రెండు గళ్లు కుడికి జరుగుతాయి. ఫోన్ నంబర్ కాలమ్‌లో ఊరి పేరు, ఎకరాల కాలమ్‌లో ఫోన్ నంబర్!

దీనికి మందు డబుల్ కోట్స్. కామా ఉన్న విలువ చుట్టూ కోట్స్ ఉంటే, లోపలి కామాని వేరు చేసే గుర్తుగా లెక్కపెట్టదు. విజార్డ్‌లో "టెక్స్ట్ క్వాలిఫయర్" అనే చోట డబుల్ కోట్ ఎంచుకున్నామా లేదా చూసుకోండి. డబ్బు విషయంలో కూడా ఇదే. మనం 1,25,000 అని రాస్తాం. కోట్స్ లేకపోతే అది మూడు కాలమ్‌లు. ఫోన్ ఫారంలో మొత్తాల దగ్గర అంకెలు మాత్రమే టైప్ చేసేలా పెట్టుకుంటే ఈ గోలే ఉండదు.

ఇంకోటి, అడ్రస్ టైప్ చేస్తూ మధ్యలో ఎంటర్ కొట్టడం. అప్పుడు ఒక రైతు రెండు వరుసలవుతాడు. ఇంపోర్ట్ అయ్యాక పేరు లేని వరుసలు కనిపిస్తే కారణం ఇదే కావొచ్చు. నోట్‌ప్యాడ్‌లో ఆ చోటు వెతికి లైన్‌ని కలపండి.

మీరు కొత్తగా ఫైల్ తయారు చేసేవాళ్లైతే, కామా బదులు ట్యాబ్ పెట్టమనండి. అడ్రస్‌లో ట్యాబ్ ఎవరూ కొట్టరు.

తేదీ తారుమారు: అన్నిటికన్నా మోసకారి

05-07-2024. ఇది జూలై 5వ తేదీనా, మే 7వ తేదీనా? మనకి జూలై 5. కంప్యూటర్ రీజియన్ సెట్టింగ్ అమెరికా పద్ధతిలో ఉంటే అది మే 7. ఏ ఎర్రరూ రాదు. పచ్చగా "ఇంపోర్ట్ అయిపోయింది" అంటుంది.

వర్షపాతం ఫైల్‌తో చూద్దాం. జూలైలో రోజువారీ వాన లెక్క ఉందనుకోండి. 13వ తేదీ నుంచి 31 దాకా ఇబ్బంది లేదు, ఎందుకంటే 13వ నెల అనేది లేదు. అవి ఎర్రర్ అయినా ఇస్తాయి, లేదా సరైన తేదీగానే పడతాయి. కానీ 1 నుంచి 12 వరకు? జూలై 1 పోయి జనవరి 7 అవుతుంది, జూలై 2 పోయి ఫిబ్రవరి 7 అవుతుంది. జూలై 7 ఒక్కటే తన చోట ఉంటుంది. 11 రోజుల వాన ఏడాదంతా చెల్లాచెదురైపోతుంది. చెనక్కాయ విత్తే టైంలో పడిన వాన కాగితం మీద జనవరిలో పడుతుంది!

పట్టుకోవడం సులభమే. నెలవారీగా ఎన్ని వరుసలున్నాయో లెక్కపెట్టే క్వెరీ ఒకటి నడపండి. జూన్ నుంచి సెప్టెంబర్ వరకే పంపిన ఫైల్‌లో జనవరి, ఫిబ్రవరి వరుసలు కనిపించాయంటే తేదీలు తిరగబడ్డాయి. నివారణ ఇంకా సులభం. విజార్డ్‌లో "అడ్వాన్స్‌డ్" దగ్గరే "డేట్ ఆర్డర్" ఉంటుంది, రోజు-నెల-సంవత్సరం అంటే డీఎంవై పెట్టండి. ఫైల్ తయారీ మీ చేతిలో ఉంటే తేదీని 2024-07-05 అని సంవత్సరం ముందు పెట్టి రాయండి. ఇది 1988లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం, ఐఎస్‌ఓ 8601. ఎవరు చదివినా ఒకే అర్థం.

ఖాళీ వేరు, సున్నా వేరు

ఇది సాఫ్ట్‌వేర్ సంగతి కంటే పెద్దది, శ్రద్ధగా వినండి. వర్షమాపకం దగ్గర కొలత తీసుకోని రోజు ఫైల్‌లో ఏముంటుంది? ఒకరు ఖాళీ వదిలేస్తారు, ఒకరు గీత పెడతారు, ఒకరు "ఎన్ఆర్" అని రాస్తారు. నంబర్ కాలమ్‌లోకి గీత ఎక్కదు కాబట్టి ఎర్రర్ వస్తుంది. ఎర్రర్ పోవాలని మనం ఏం చేస్తాం? ఫైండ్-రీప్లేస్ కొట్టి అన్నిటికీ సున్నా పెట్టేస్తాం. ఇంపోర్ట్ సాఫీగా అయిపోతుంది. కానీ అర్థం మారిపోయింది. "కొలవలేదు" అన్నది "వాన పడలేదు" అయిపోయింది.

ఉదాహరణకి, జూలై 1న వాన పడింది. 12న మంచి వాన పడింది కానీ కొలత రాయలేదు. మళ్లీ 25న పడింది. నిజానికి మధ్యలో ఎండగా ఉన్నవి ఒకసారి 10 రోజులు, ఇంకోసారి 12 రోజులు. 12వ తేదీకి సున్నా పెడితే ఒకేసారి 23 రోజుల వర్షాభావం అవుతుంది. దీనికి ఉల్టా కూడా జరగొచ్చు, నిజంగా సున్నా ఉన్న రోజుల్ని ఖాళీ చేస్తే రోజువారీ సగటు పెరిగిపోతుంది. కేంద్ర వ్యవసాయ శాఖ 2016 కరువు మాన్యువల్‌లో చూసేవాటిలో వర్షపాతం లోటు, వానకీ వానకీ మధ్య విరామం రెండూ ఉన్నాయి. వాతావరణ ఆధారిత పంటల బీమాలో లెక్కలన్నీ ఇట్లాంటి అంకెల మీదే నడుస్తాయి. ఒక్క గడి తప్పు ఒక మండలం పరిస్థితిని వేరేగా చూపించొచ్చు.

కాబట్టి ఖాళీని ఖాళీగానే ఉంచండి. పక్కన "స్థితి" అని ఇంకో కాలమ్ పెట్టి, "కొలిచారు", "కొలవలేదు" అని రాయండి. కూడికలు వేసేటప్పుడు కొలవని రోజులు ఎన్నో కూడా చూపించండి.

మనది అనంతపురమా, అనంతపూరా, అనంతపురమూనా?

మనుషులకి అన్నీ ఒకటే. డేటాబేస్‌కి మూడు వేర్వేరు ఊర్లు. కళ్యాణదుర్గం, కల్యాణదుర్గం. శింగనమల, సింగనమల. ఇంగ్లిష్‌లో రాస్తే ఇంకా ఘోరం, ఒక్క జిల్లా పేరుకే నాలుగైదు స్పెల్లింగులు. దానికి తోడు 2022 ఏప్రిల్ 4న పాత జిల్లా రెండైంది. పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా వచ్చింది. కదిరి, ధర్మవరం, హిందూపురం, పెనుకొండ, మడకశిర వైపు పాత ఫైళ్లన్నీ "అనంతపురం" అనే ఉంటాయి, కొత్తవి వేరేగా ఉంటాయి. రెండూ కలిపితే జిల్లాల వారీ లెక్క తప్పుతుంది.

కంటికి కనిపించని తేడాలు కూడా ఉంటాయి. పేరు చివర ఒక స్పేస్. లేదా ఫోన్ కీబోర్డులు పొల్లు తర్వాత పెట్టే కనిపించని అక్షరం ఒకటి ఉంటుంది. "అనంతపూర్" అని రెండు చోట్లా ఒకేలా కనిపిస్తుంది, కానీ ఒకదాని చివర ఆ గుర్తు దాక్కుని ఉంటుంది. స్పేస్ అయితే "ట్రిమ్" ఫంక్షన్‌తో పోతుంది, ఈ గుర్తు పోదు. దాన్ని "రీప్లేస్"తో తీసేయాలి. అనుమానం వస్తే "లెన్" ఫంక్షన్‌తో అక్షరాలు లెక్కపెట్టండి, రెండు పేర్ల పొడవు వేరే వస్తే దొంగ దొరికినట్టే.

శాశ్వత పరిష్కారం పేర్లతో కాకుండా కోడ్‌లతో పని చేయడం. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో జిల్లాకి, మండలానికి, ఊరికి ఒక్కో కోడ్ ఉంది. ఫోన్ ఫారంలో ఊరి పేరు టైప్ చేయించకుండా జాబితాలోంచి ఎంచుకునేలా పెట్టండి, వెనకాల కోడ్ సేవ్ అయ్యేలా చూడండి.

సరే, ఇప్పుడు సరైన పద్ధతి

ఇంతసేపు రోగాలు చెప్పుకున్నాం, ఇప్పుడు పద్ధతి. యాక్సెస్‌లో "ఎక్స్‌టర్నల్ డేటా", "న్యూ డేటా సోర్స్", "ఫ్రమ్ ఫైల్", "టెక్స్ట్ ఫైల్".

మొదటి మెట్టు: అసలు టేబుల్‌లోకి నేరుగా ఇంపోర్ట్ చేయకండి. ఒక తాత్కాలిక టేబుల్ పెట్టుకోండి. దాంట్లో అన్ని కాలమ్‌లూ "షార్ట్ టెక్స్ట్" రకమే. తేదీ అయినా, ఎకరాలైనా అన్నీ టెక్స్టే. అప్పుడు సున్నాలు పోవు, సర్వే నంబర్లు మారవు, రకం మార్పు ఎర్రర్లు రావు. షార్ట్ టెక్స్ట్‌లో 255 అక్షరాలే పడతాయి, అంతకన్నా పెద్ద వివరణ ఉంటే ఆ కాలమ్‌ని "లాంగ్ టెక్స్ట్" చేయండి. మొదటి లైన్‌లో కాలమ్ పేర్లు ఉంటే ఆ టిక్ పెట్టడం మర్చిపోకండి.

రెండో మెట్టు: వరుసలు లెక్కపెట్టండి. ఫైల్‌లో ఎన్ని, టేబుల్‌లో ఎన్ని. ఈ ఒక్క పని చేయకపోతే ఏమవుతుందో ఇంగ్లండ్‌ని అడగండి. 2020లో కోవిడ్ టైంలో ల్యాబుల నుంచి వచ్చిన సీఎస్‌వీ ఫైళ్లని అక్కడి ప్రజారోగ్య సంస్థ పాత ఎక్సెల్ ఫార్మాట్‌లోకి ఎక్కించింది. ఆ ఫార్మాట్‌లో 65,536 వరుసలే పడతాయి. మిగతావి చడీచప్పుడు లేకుండా పోయాయి. సెప్టెంబర్ 25 నుంచి అక్టోబర్ 2 మధ్య 15,841 పాజిటివ్ కేసులు లెక్కలోకి రాలేదు. వాళ్లని కలిసినవాళ్లకి సమాచారం ఆలస్యమైంది.

మూడో మెట్టు: తాత్కాలిక టేబుల్ మీద పరీక్షలు. ఫోన్ నంబర్ 10 అంకెలు కానివి చూపించు. ఐఎఫ్ఎస్‌సీ కోడ్ 11 అక్షరాలు కానివి చూపించు. ఐఎఫ్ఎస్‌సీలో ఐదో అక్షరం ఎప్పుడూ సున్నా. చాలామంది అక్కడ ఇంగ్లిష్ అక్షరం "ఓ" కొడతారు, ఆ వరుసలన్నీ విడిగా తీయండి. ఇంకోటి, 2020 ఏప్రిల్ 1న సిండికేట్ బ్యాంకు కెనరాలో, ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయాయి. పాత కోడ్‌లతో ఉన్న జాబితా ఇంపోర్ట్ అద్భుతంగా అవుతుంది, డబ్బు మాత్రం పోదు. కోడ్ మొదటి నాలుగు అక్షరాలు చూసి పాతవాటిని వేరు చేయండి.

నాలుగో మెట్టు: అన్నీ సరిపోయాక "అపెండ్ క్వెరీ"తో అసలు టేబుల్‌లోకి పంపండి. తేదీని ముక్కలు చేసి "డేట్‌సీరియల్" ఫంక్షన్‌తో కట్టండి, అప్పుడు ఏది రోజో ఏది నెలో మీరే చెప్పినట్టు. అసలు టేబుల్‌లో ఫోన్ నంబర్, అకౌంట్ నంబర్, సర్వే నంబర్ ఎప్పుడూ టెక్స్ట్‌గానే ఉండాలి. వాటిని కూడతామా, గుణిస్తామా? లేదు కదా! ఫోన్ నంబర్‌కి "లాంగ్ ఇంటిజర్" పెడితే అసలు ఎక్కదు కూడా. దాని గరిష్ఠ హద్దు 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. మన మొబైల్ నంబర్లు 6తో మొదలై పైకే ఉంటాయి, అంటే 600 కోట్ల పైమాటే.

ఐదో మెట్టు: విజార్డ్‌లో చేసిన సెట్టింగులన్నీ "అడ్వాన్స్‌డ్"లో "సేవ్ యాజ్" కొట్టి దాచుకోండి. వచ్చే నెల మీరు సెలవులో ఉన్నా, మీ చోట కూర్చున్నవాళ్లు అదే పద్ధతిలో చేస్తారు.

ఎర్రర్లు వచ్చాయా? యాక్సెస్ ఫైల్ పేరుతో "ఇంపోర్ట్ ఎర్రర్స్" అని ఒక టేబుల్ తయారుచేస్తుంది. చాలామంది దాన్ని చూడకుండా డిలీట్ చేస్తారు. అది మన రిపోర్టు కార్డు. ఏ ఎర్రర్, ఏ కాలమ్, ఏ వరుస అని రాసి ఉంటుంది. "టైప్ కన్వర్షన్ ఫెయిల్యూర్" అంటే విలువ ఆ రకానికి సరిపోలేదు, వరుస ఎక్కింది కానీ ఆ గడి ఖాళీ. "ఫీల్డ్ ట్రంకేషన్" అంటే పొడవు ఎక్కువై తోక కత్తిరించింది. "అన్‌పార్సబుల్ రికార్డ్" అంటే కోట్స్ లెక్క తప్పింది. ఇంకా, ఉన్న టేబుల్‌లోకి చేర్చేటప్పుడు "కీ వయొలేషన్" వల్ల వరుసలు పోయాయని మెసేజ్ వస్తే, అదే నంబర్‌తో ఇంకొకరు ముందే ఉన్నారని అర్థం. అక్కడ తొందరపడి కీ తీసేయకండి. ఒకే రైతు రెండుసార్లు వచ్చాడా, ఇద్దరు రైతులకి ఒకే నంబర్ ఇచ్చారా కనుక్కోండి.

యాక్సెస్ కొనలేమంటారా? లిబ్రేఆఫీస్ ఉచితం. సీఎస్‌వీని కాల్క్‌లో తెరిస్తే ముందే ఒక డబ్బా వస్తుంది. యూటీఎఫ్-8 ఎంచుకోండి, కింద కాలమ్‌లన్నీ సెలెక్ట్ చేసి రకం "టెక్స్ట్" పెట్టండి. అక్కడి నుంచి కాపీ చేసి బేస్‌లో టేబుల్స్ దగ్గర పేస్ట్ చేస్తే టేబుల్ తయారవుతుంది.

చివరిగా ఒక మాట. ఈ ఫైళ్లలో ఉండేవి మన ఊరివాళ్ల ఫోన్ నంబర్లు, బ్యాంకు వివరాలు. పని అయ్యాక వాట్సాప్ గ్రూపులోంచి, డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోంచి తీసేయండి. అవసరం లేని చోట ఆధార్ నంబర్ అడగనే వద్దు, అడిగినా చివరి నాలుగు అంకెలతో సరిపెట్టుకోండి.

ఆఫీసులో కూర్చున్న మనకి అది 612వ వరుస. ఊర్లో ఆ వరుసకి ఒక ఇల్లు ఉంటుంది, నాలుగెకరాల చెనక్కాయ చేను ఉంటుంది. రేపు మీ దగ్గరికి కొత్త ఫైల్ వస్తే డబుల్ క్లిక్ చేయకుండా ముందు నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి, అక్కడి నుంచి మొదలుపెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో ఫోన్ ఫారంని తప్పులకి చోటు లేకుండా ఎట్లా తయారు చేసుకోవాలో చూద్దాం.